గేమ్ తయారీ - 4వ పాఠం: ఫైల్ చిన్నదే, ఫోన్ ఎందుకు మొరాయిస్తోంది?

పోయిన పాఠంలో ప్రకాశం బ్యారేజీ సీను కట్టాం. 70 గేట్లకి 70 బొమ్మలు పెట్టకుండా ఒక్క గేటు బొమ్మనే 70 సార్లు వాడాం. జాగా మిగల్చడానికి ఇంతకంటే మంచి కిటుకు నాకైతే తెలీదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కేబీలో ఇమిడింది. అందులో మబ్బుకీ పొదకీ బొమ్మ ఒకటే, రంగు మార్చారంతే.

అయినా మన గేమ్ బెంజి సర్కిల్ దగ్గరుండే మా పిన్ని కొడుకు ఫోన్లో తెరుచుకోగానే మూసుకుపోయింది. "అన్నయ్యా, 40 ఎంబీ గేమేగా, దీనికే ఏమైంది?" అన్నాడు. ఆ 40 ఎంబీ ఫైల్ సైజు. ర్యామ్, అంటే గేమ్ నడిచేటప్పుడు ఫోన్ వాడే మెమరీ, దాని లెక్క వేరు.

మనం వాడే బొమ్మల ఫైల్ రకం పీఎన్‌జీ. ఆ బొమ్మ స్టోరేజీలో ముడుచుకుని ఉంటుంది. కానీ గ్రాఫిక్స్ చిప్‌కి ఏ పిక్సెల్ కావాలంటే అది వెంటనే అందాలి. పీఎన్‌జీలో మధ్యనున్న పిక్సెల్ కావాలన్నా మొదటినుంచీ విప్పుకుంటూ రావాల్సిందే. అందుకే లోడ్ చేసేటప్పుడే మొత్తం విప్పేస్తారు. 2048 × 2048 పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు, వెరసి 16 ఎంబీ. ఫైల్ 2 ఎంబీ ఉన్నా 200 కేబీ ఉన్నా విప్పాక ఇంతే. ఆకాశం, కృష్ణ నీళ్లు, కొండ, గేటు అంటూ పది బొమ్మలు పెట్టామా, 160 ఎంబీ!

మందు ఏఎస్‌టీసీ అనే బొమ్మల కుదింపు పద్ధతి. ఇది బొమ్మని చిన్న గళ్లుగా కోస్తుంది. గడి ఎంత పెద్దదైనా ఇచ్చేది 16 బైట్లే. చిప్ తనకి కావలసిన గడి మాత్రమే విప్పుకుంటుంది కాబట్టి ర్యామ్‌లో కూడా బొమ్మ ముడుచుకునే ఉంటుంది. అదే బొమ్మ 4×4 పిక్సెళ్ల గళ్లతో 4 ఎంబీ, 6×6తో దాదాపు 1.8 ఎంబీ, 8×8తో 1 ఎంబీ అవుతుంది.

ఊరికే రాదు. పోయిన వివరం మళ్లీ దొరకదు. ఆకాశానికి, నీళ్లకి 8×8 హాయిగా సరిపోతుంది. బటన్ల మీద తెలుగు అక్షరాలకి మాత్రం వద్దు. ఒత్తులు అలుక్కుపోతాయి, 'ప'కీ 'ష'కీ తేడా తెలీదు. వాటికి 4×4 పెట్టండి, ఇంకా మసకగా ఉంటే విప్పిన బొమ్మే ఉంచండి.

ఏపీకేని (ఆండ్రాయిడ్ ఫోన్లో గేమ్ ఎక్కించే ఫైల్) మళ్లీ జిప్ చేస్తే తగ్గదా అని చాలామంది అడుగుతారు. ఏపీకేనే ఒక జిప్. తొక్కి కుట్టేసిన మిర్చి టిక్కీని (బస్తాని) మళ్లీ తొక్కితే ఏం దిగుతుంది? గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు.

శబ్దాల సంగతి క్లుప్తంగా. సీడీ నాణ్యతలో నిమిషం పాట 10 ఎంబీ దాటుతుంది. శబ్దాన్ని కుదించే ఆగ్ ఫైల్‌గా, సెకనుకి 128 కిలోబిట్ల (కేబీపీఎస్) లెక్కన పెడితే 1 ఎంబీ లోపే. పాటలు అలా పెట్టండి. అడుగుల చప్పుడు లాంటి చిన్నవి కుదించని వేవ్ ఫైళ్లుగానే ఉంచండి, విప్పే పని లేకుండా నొక్కగానే మోగుతాయి.

అభ్యాసం: గేటు బొమ్మని మూడు గళ్ల సైజుల్లోనూ తయారుచేసి ఫోన్లో పెట్టి చూడండి. కంప్యూటర్ తెర మీద కాదు, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్లో.