ఫుట్‌బాల్ క్లబ్బు జమాఖర్చులు చదవడం – 4వ పాఠం: ఆటగాడి పుస్తక విలువ

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి కనుక, ఈసారి చెప్పాలనుకున్న టీవీ హక్కుల ఆదాయాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఆటగాణ్ణి కొన్న రుసుమును ఒప్పందంలోని ఏళ్లకు సమానంగా పంచి ఏటా ఖర్చు రాస్తాం; ఇంకా ఖర్చు రాయకుండా మిగిలినదే పుస్తక విలువ. లెక్క ఇది: 5 కోట్ల పౌండ్లకు కొన్న ఆటగాడు ఐదేళ్ల ఒప్పందంలో మూడేళ్లు పూర్తయ్యాక, ఆ రోజు నుంచి నాలుగేళ్లకు కొత్త ఒప్పందం రాసుకున్నాడు. ఏటా ఖర్చు కింద ఎంత రాయాలి? చాలామంది మొత్తం ఏడేళ్లు కదా అని 5 కోట్లను ఏడుతో భాగించారు. మూడేళ్లకు ఏటా కోటి చొప్పున ఇప్పటికే ఖర్చు రాసేశాం. ఆ పుటలు మూతబడ్డాయి, వాటిని తిరిగి తెరవకూడదు. మిగిలిన 2 కోట్లనే నాలుగేళ్లకు పంచితే ఏటా 50 లక్షలు. గడిచిన కాలాన్ని ముట్టుకోవద్దని మూడో పాఠంలో రెండుసార్లు రాశాను, ఇది మూడోసారి.

ఒప్పందం ముగిసేసరికి విలువ సున్నాకు ఎందుకు దిగాలి? 1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పు తరువాత, గడువు తీరిన ఆటగాడు రుసుము లేకుండానే ఐరోపాలో మరో దేశపు క్లబ్బుకు వెళ్లిపోగలడు. క్లబ్బు చేతిలో ఉన్నది మనిషి కాదు, ఒప్పందంలో మిగిలిన కాలం.

ఆ కాలాన్ని సాగదీసిన ఉదాహరణ లండన్ క్లబ్బు చెల్సీది. 2023 జనవరి చివరి రోజున ఎన్జో ఫెర్నాండెజ్‌ను సుమారు 10.68 కోట్ల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందంతో తీసుకుంది. ఏడాదికి పడే భారం సుమారు 1.26 కోట్లు, ఐదేళ్లకే పంచి ఉంటే 2.14 కోట్లు అయ్యేది. ఆ వేసవిలో ఐరోపా ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ, డిసెంబరులో ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్, కొత్త ఒప్పందాల రుసుమును తమ లెక్కల్లో ఐదేళ్లకు మించి పంచకూడదని పరిమితి పెట్టాయి.

అమ్మకంలో పోల్చవలసింది కొన్న ధరతో కాదు, ఆ రోజున మిగిలిన పుస్తక విలువతో. మొదటి లెక్కలోని 5 కోట్ల ఆటగాణ్ణి కొత్త ఒప్పందం జరిగాక ఏడాదికి 3 కోట్లకు అమ్మితే పత్రికలు 2 కోట్ల నష్టమంటాయి. లాభనష్టాల ఖాతాలో పడేది 1.5 కోట్ల లాభం. సొంత అకాడమీలో పెరిగినవాడికి కొనుగోలు రుసుమే ఉండదు కనుక, 2023లో మేసన్ మౌంట్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు ఇచ్చినప్పుడు వచ్చిన సుమారు 5.5 కోట్లు చెల్సీకి దాదాపు మొత్తం లాభమే.

ఇంగ్లండ్ క్లబ్బుల వార్షిక నివేదికలు బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఛైర్మన్ సందేశాన్ని నేను చదవను. నేరుగా వెనక్కి వెళ్లి, ఆటగాళ్ల పుస్తక విలువలు ఉండే కంటికి కనిపించని ఆస్తుల వివరణ తెరిచి, ఏడాది మొదటి, చివరి నికర విలువలకు పెన్సిలుతో గీత పెడతాను.

అభ్యాసం: 2020 జూలై 1న 3.6 కోట్ల రుసుముకు నాలుగేళ్ల ఒప్పందం. ఏజెంటుకు 40 లక్షలు, అది కూడా కొనుగోలు ఖర్చే. 2022 జూలై 1న 2027 జూన్ 30 వరకు కొత్త ఒప్పందం. 2024 జనవరి 1న 3 కోట్లకు అమ్మకం. లాభమెంత? మీ పుస్తక విలువ 1.4 కోట్లకు చేరకపోతే లాభం లెక్కకు వెళ్లకుండా, మళ్లీ 2022 జూలై 1 దగ్గర నుంచి మొదలుపెట్టండి.