మంత్రఖడ్గం రాయాలంటే ముందు ఒర సంగతి చూడండి

నేను మొదటిసారి రాసిన ఫాంటసీ కథలో హీరో చేతికి ఒక దివ్యఖడ్గం ఇచ్చాను. అది నిప్పులు కక్కేది, గాయాలు మాన్పేది, ఎవరైనా అబద్ధమాడితే మోగేది, పిలిస్తే ఎగిరొచ్చేది. పన్నెండేళ్ల మా అక్క కొడుకు మూడు పేజీలు చదివి, "చిన్నమ్మా, ఇంత కత్తి ఉంటే ఆ మాంత్రికుణ్ని ఇప్పుడే చంపేయొచ్చుగా, ఇంకా నూట ఎనభై పేజీలెందుకు?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ సజ్జ మీదే ఉంది.

అందుకే, కత్తి ఏం చేయగలదో కాదు, ఏం చేయలేదో ముందు రాసుకోండి. శక్తి ఒక్కటి చాలు. రెండోది ఇవ్వాలని చేయి దురద పెడితే దాన్ని కత్తికి కాకుండా పక్కనున్న వస్తువుకివ్వండి. ఈ కిటుకు బ్రిటన్ పాత గాథల్లో వినిపించే ఆర్థర్ రాజు కథల్లోది. థామస్ మాలరీ రాయగా 1485లో కాక్స్‌టన్ అచ్చేసిన పుస్తకంలో, కత్తి నచ్చిందా, ఒర నచ్చిందా అని ఆర్థర్‌ని మాంత్రికుడు మెర్లిన్ అడుగుతాడు. కత్తే అంటాడు రాజు. తెలివితక్కువ మాట, ఆ ఒర పది కత్తుల పెట్టు, అది ఒంటి మీదున్నంతసేపు ఎంత గాయమైనా నెత్తురు పోదు అంటాడు మెర్లిన్. ఆ కత్తి ఎక్స్‌కాలిబర్ పేరు విననివాళ్లు తక్కువ, దాని ఒర సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆర్థర్ అక్క మోర్గాన్ మాత్రం సరిగ్గా ఆ ఒరనే ఎత్తుకెళ్లి నీళ్లలో పారేస్తుంది. బంగారం, రాళ్ల బరువుకి అది మునిగిపోతుంది. ఇక చేతిలో కత్తి ఉన్నా రాజు చావొచ్చు. కథలో టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

కత్తి వాడినందుకు ఏదో ఒకటి చెల్లించేలా కూడా చూడండి. ఉత్తర యూరప్ గాథల్లో టిర్ఫింగ్ అనే కత్తిని ఒరలోంచి తీస్తే ఒక ప్రాణం పోవాల్సిందే. అలాంటిది మీ హీరో నడుముకుంటే, చిక్కుపడ్డ తాడు కోయడానికి కూడా దాన్ని తీయలేడు. ఆ చిన్న సీను ఒక్కటి రాయండి, యుద్ధాలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

"పవిత్రమైన ఖడ్గం" అని ఊరికే రాయకండి. పవిత్రత ఎక్కడుందో చూపించండి. ఫ్రాన్స్ వీరుడు రోలాండ్ కత్తి దురండాల్ పిడిలో సెయింట్ పీటర్ పన్ను, సెయింట్ బాసిల్ నెత్తురు, సెయింట్ డెనిస్ వెంట్రుకలు, మేరీమాత బట్ట పీలిక ఉన్నాయంటారు. వేలితో లెక్కపెట్టుకోవచ్చు!

మంత్రాన్ని నమ్మాలంటే ఇనుము నిజమై ఉండాలి. మధ్యయుగం యూరప్‌లో ఒంటిచేత్తో తిప్పిన కత్తులు చాలావరకు కిలో, కిలోన్నర మధ్యే. కిలో కందిపప్పు ప్యాకెట్ పట్టుకుని చేయి చాచి నిలబడండి. నాకు నిమిషం తిరక్కముందే భుజం లాగింది. కత్తిలో ఆ బరువు ముందుకు సాగి ఉంటుంది కాబట్టి ఇంకా లాగుతుంది. మాది నిజామాబాద్ జిల్లా. ఇక్కడి కోనసముద్రంలో ఒకప్పుడు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి బిగించి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి ఉక్కు తీసేవాళ్లు. దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. మీ కత్తికి మెరుపులు పెట్టే బదులు, మంత్రం పారినప్పుడు ఆ గీతలు కదిలాయని రాసి చూడండి.

చివరికి కత్తి ఎటు పోవాలో ముందే అనుకోండి. చావబోతూ ఆర్థర్ దాన్ని నీళ్లలో వేయమంటే, పిడి మీది రాళ్లు చూసి ఆయన అనుచరుడైన వీరుడు బెడివియర్ మనసొప్పక చెట్టు కింద దాచి, వేసేశానని రెండుసార్లు బొంకుతాడు. మూడోసారి విసిరితే నీళ్లలోంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంటుంది. మీ కథలోనూ అలా వదల్లేని మనిషిని ఒకరిని పెట్టుకోండి. నేను రెండోసారి రాసినప్పుడు ఆ పని హీరోయిన్ నాయనమ్మకిచ్చాను. ఆవిడ దాన్ని వడ్ల గుమ్మిలో దాచింది.