గొత్తికోయ గూడేలకు వార్త కోసం వెళ్లే ముందు జాగ్రత్తలు

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక అక్కడి దంతెవాడ, బీజాపూర్ వైపు నుంచి ప్రాణభయంతో వచ్చిన గొత్తికోయ ఆదివాసీ కుటుంబాలు తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో ఉన్నాయి. వరంగల్ నుంచి బయల్దేరే విలేకరులు ఇవి చూసుకోవాలి.

– ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. లేకపోతే ఫొటోలోనే ఆ చోటు నమోదైపోతుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అదీ వెంట వెళ్తుంది.

– ముఖాలు, గూడెం పేరు, పక్కనున్న వాగు పేరు రాయొద్దు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పోలీసుల వైపు నుంచి పడినా, మావోయిస్టుల వైపు నుంచి పడినా ప్రాణాల మీదికొస్తుంది. బీజాపూర్‌లో ఉండిపోయిన చుట్టాలకూ ముప్పే.

– కోయభాష తెలిసిన మనిషిని ముందే మాట్లాడుకోండి. పోలీసులు, ఫారెస్టు సిబ్బంది వెంట అస్సలు వెళ్లొద్దు. గుడిసెలు పీకేస్తారేమోనన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లు వాళ్ల ముందు నోరు విప్పరు.

– "మీవాళ్లను ఎవరు చంపారు?" అని మొదలుపెట్టకండి. నీళ్లు ఎక్కడి నుంచి మోస్తున్నారు, పిల్లలకు జ్వరమొస్తే ఎటు తీసుకెళ్తారు, ఇవి అడగండి. మిగతాది చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. ఏడుపు వస్తే రికార్డింగ్ ఆపండి, నాకు తెలిసి ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త లేదు.

– తెలంగాణలో వీళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు. పథకాలు ఇప్పిస్తామని మాట ఇవ్వకండి.

– చీకటి పడకముందే తిరుగుదారి పట్టండి.