శ్రీశైలం యాత్రకు ముందు సీటు ఎత్తు సరిచేసుకున్నాను

పేద పిల్లల చదువుకు విరాళాలు పోగుచేస్తూ హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి, అంటే 200 కిలోమీటర్లకు పైగా, సైకిళ్లపై వెళ్లాలని నిశ్చయించుకున్న మేము నలుగురు మిత్రులం, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్‌పై తెల్లవారుజామున సాధన మొదలుపెట్టాము. మూడో వారానికి నా కుడి మోకాలిచిప్ప కింద సూదితో పొడిచినట్లు నొప్పి మొదలైంది. బామ్ రాశాను, పట్టీ వేశాను, రెండూ దండగే. చివరకు ఒక మిత్రుడు నన్ను గోడ పట్టుకొని సీటుపై కూర్చోమని, పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి దానిపై మడమ ఆనించమన్నాడు. అలా ఆనించినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. నాది వంగి ఉంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు అతిగా ముడుచుకొని చిప్పపై ఒత్తిడి పెరుగుతుంది. అలెన్ కీతో సీటును 2 సెంటీమీటర్లు పైకెత్తి, మళ్లీ జారితే తెలిసేలా రాడ్డుకు టేపు చుట్టాను. మన్ననూరు దాటాక నల్లమల ఘాట్‌లో తొడలు మండాయి గానీ మోకాలు మాత్రం మొరాయించలేదు.