బ్రేక్‌పాయింట్ టెస్టులను వేరే ప్రాసెసర్‌కు మార్చే ముందు జాగ్రత్తలు

(బ్రేక్‌పాయింట్ అంటే ప్రోగ్రామ్‌ను ఒక చోట ఆపడానికి డీబగ్గర్, అంటే తప్పులు వెతికే టూల్, పెట్టే గుర్తు. మామూలుగా అక్కడున్న ఇన్‌స్ట్రక్షన్ మీద బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ రాస్తుంది.)

☐ టెస్టులో నేరుగా రాసేసిన అడ్రస్‌లు, ఇన్‌స్ట్రక్షన్ బైట్లు ఉన్నాయేమో వెతకండి. అడ్రస్ బదులు ఫంక్షన్ పేరో, సోర్స్ లైనో వాడండి.

☐ బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ సైజు ప్రాసెసర్ రకాన్ని (ఆర్కిటెక్చర్‌ని) బట్టి మారుతుంది: ఎక్స్86లో 1 బైటు, 64-బిట్ ఆర్మ్‌లో 4. రిస్క్-ఫైవ్‌లో 4 బైట్లదీ ఉంది, కుదించిన 2 బైట్లదీ ఉంది. 2 బైట్ల ఇన్‌స్ట్రక్షన్ మీద 4 బైట్లది పెడితే పక్కది కూడా పాడైపోతుంది.

☐ అసలు తలనొప్పి ప్రోగ్రామ్ కౌంటర్‌తోనే (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉన్నామో చెప్పే రిజిస్టర్). ఎక్స్86లో ట్రాప్ పడ్డాక (బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ తగిలి ప్రోగ్రామ్ ఆగాక) అది 1 బైటు దాటి ఉంటుంది, డీబగ్గర్ వెనక్కి లాగాలి. ఆర్మ్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఉంటుంది. అందుకే డీబగ్గర్ పెట్టకుండా ప్రోగ్రామ్‌లోనే బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ రాసి ఉంటే, కౌంటర్‌ను 4 బైట్లు ఎవరో ఒకరు జరపాలి. లేదంటే ఎన్నిసార్లు కంటిన్యూ నొక్కినా అక్కడే ఆగుతుంది. చూసేవాళ్లకు టెస్టు హ్యాంగ్ అయినట్టే ఉంటుంది!

☐ హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు (కోడ్‌ను మార్చకుండా చిప్ రిజిస్టర్లలో పెట్టేవి) ఎక్స్86లో 4. ఆర్మ్‌లో చిప్‌ను బట్టి మారతాయి. "ఐదోది ఫెయిలవ్వాలి" అని రాయొద్దు.

☐ ఆప్టిమైజేషన్ (వేగం కోసం కంపైలర్ కోడ్‌ను మార్చడం) ఆపి కంపైల్ చేయండి.

☐ ఒక ఆర్కిటెక్చర్‌లో టెస్టును స్కిప్ చేయక తప్పకపోతే, కారణం పక్కనే కామెంట్‌లో రాయండి. ఆరు నెలలయ్యాక మీకే గుర్తుండదు.