తిప్పతీగ పాలిశాకరైడ్ తీసేటప్పుడు పరీక్షలో వచ్చే పసుపు రంగును నమ్మకండి

బెంగళూరు యెలహంకలో మా ల్యాబ్ వెనక వేపచెట్టు నిండా తిప్పతీగే. అనంతపురం నుంచి వచ్చిన కొత్తలో తిప్పతీగ కావాలంటే ఎవరికీ అర్థం కాలేదు. అమృతబళ్ళి అనగానే వాచ్‌మన్ చెట్టు చూపించాడు.

తిప్పతీగలోని పాలిశాకరైడ్ (చక్కెరలు గొలుసులా కలిసిన పెద్ద అణువు) తీసి, దాని యాంటీఆక్సిడెంట్ గుణం చూడాలంటే వేలి లావు కాడలు కోసి, నీడన ఎండబెట్టి పొడి కొట్టండి. 50 గ్రాములు చాలు. తొందరపడి వేడినీళ్లలో వేయకండి. ముందు 80 శాతం ఇథనాల్‌లో నానబెట్టి వంపేయండి. రంగు దిగడం ఆగేదాకా కొత్త ఇథనాల్ పోస్తూనే ఉండండి. నాకు ఐదుసార్లు పట్టింది.

మొదటిసారి ఇథనాల్ మిగులుతుందని రెండుసార్లతో ఆపేశాను. తీసిన పాలిశాకరైడ్‌ను యాంటీఆక్సిడెంట్ పరీక్షలో వాడే డీపీపీహెచ్ ద్రావణంలో వేస్తే, దాని ఊదా రంగు చూస్తుండగానే పసుపుకు తిరిగింది. ఇంటికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను! మా మేడమ్ ఒకటే అడిగారు: "ఫినాల్స్ ఎంతున్నాయో చూశావా?" ఫినాల్స్ ఉంటే నీలం చూపించే ఫోలిన్ పరీక్ష పెడితే ట్యూబు ముదురు నీలం. ఆ పని చేసింది పాలిశాకరైడ్ కాదు, దానికి అంటుకున్న ఫినాల్స్, అంటే మొక్కలో ఉండే వేరే యాంటీఆక్సిడెంట్లు. మళ్లీ కడిగి చూస్తే ఆ యాంటీఆక్సిడెంట్ గుణం సగం కూడా మిగల్లేదు.

కడిగి ఆరబెట్టిన పొడిని లీటరు నీళ్లలో 90 డిగ్రీల దగ్గర రెండు గంటలు కలుపుతూ ఉంచండి. గంజిలా చిక్కబడుతుంది, తిప్పసత్తు తీసేది ఈ పిండి నుంచే మరి. చుక్క అయోడిన్ వేస్తే నీలం వస్తుంది. పిండిని కోసే ఆల్ఫా అమైలేజ్ ఎంజైమ్‌తో ఆ పిండిని వదిలించుకోవచ్చు. కానీ మీకు కావలసింది 1,4 ఆల్ఫా గ్లూకానే (పిండిలాంటి గ్లూకోజ్ గొలుసు) అయితే ఆ ఎంజైమ్ జోలికి పోవద్దు, దాన్నీ కోసేస్తుంది.

వడకట్టి, మరిగించి మూడోవంతుకు తెచ్చి, చల్లార్చండి. ప్రొటీన్ పోవడానికి క్లోరోఫామ్, బ్యూటనాల్ 4:1 పాళ్లలో కలిపి గిలకొట్టండి, ఫ్యూమ్ హుడ్‌లోనే. మధ్యలో తెల్లటి మీగడ కట్టడం మానేదాకా. తర్వాత పై నీళ్లలో నాలుగింతల చల్లటి ఇథనాల్ సన్నటి ధారగా పోయండి. దూదిపింజల్లా తేలుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, డయాలిసిస్ సంచిలో (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొర) రెండు రోజులు నీళ్లు మారుస్తూ ఉంచండి.

చక్కెర ఎంతుందో ఫినాల్-సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 490 నానోమీటర్ల దగ్గర చూస్తారు, 1956 నుంచి అదే పద్ధతి. యాంటీఆక్సిడెంట్ గుణానికి వస్తే, డీపీపీహెచ్‌లో ఉండే ఆల్కహాల్‌కు పాలిశాకరైడ్ పాలలా విరిగి మసకబారుతుంది, రీడింగ్ పాడవుతుంది. నీళ్లలో చేయగలిగే ఏబీటీఎస్ అనే మరో రంగు పరీక్ష నయం, 734 నానోమీటర్ల దగ్గర. పోల్చడానికి పక్కన విటమిన్ సి పెట్టండి. మనది దాని దరిదాపుల్లోకి రాకపోతే టెన్షన్ పడకండి.

అణువు నిర్మాణం తేల్చే ముందు ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో అణువులోని బంధాలు చూసే పరీక్ష) తీయించండి. గ్రాఫ్‌లో 1540 సెం.మీ⁻¹ దగ్గర గుట్ట కనిపిస్తే ప్రొటీన్ ఇంకా ఉన్నట్టే, మళ్లీ గిలకొట్టాల్సిందే.