దేవుడు పిలుస్తున్నాడనిపిస్తోంది, కానీ నేను రెడీగా లేను... ఇప్పుడేం చెయ్యాలి?

సండే స్కూల్ పిల్లల్ని చూసుకోమన్నారు, లేదా యూత్ మీటింగ్‌లో వాక్యం చెప్పమన్నారు, లేదా ఎవరూ అడక్కుండానే కొన్నాళ్లుగా ఫలానా వాళ్ల కోసం ఏదో ఒకటి చెయ్యాలని మనసులో భారం, ప్రార్థనకి కూర్చున్న ప్రతిసారీ అదే గుర్తొస్తోంది. వెంటనే లోపల ఇంకో మాట, నావల్ల కాదు, నాకు అంత బైబిల్ తెలీదు, ఇంకొంచెం ఎదిగాక చూద్దాంలే అని. ఆ "ఇంకొంచెం" ఉంది చూశారూ, దానికి అంతుండదు.

ముందు ఆ "రెడీగా లేను" అన్న మాటలో ఏముందో విప్పి చూడండి. ఒక పేపర్ మీద ఉన్నదున్నట్టు రాసెయ్యండి, భయమా, పని చేతకాకపోవడమా, ఇంట్లో తప్పించుకోలేని బాధ్యతా, లేకపోతే ఎవరికీ చెప్పని పాపం ఏదైనా ఉందా. అన్నిటికీ కలిపి ఒకటే ప్రార్థన చేసేస్తే తేలదు. పాపమైతే ముందు ఒప్పుకుని వదలాలి, అది రెడీ అవ్వడం గురించిన విషయమే కాదు. బాధ్యత అయితే ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాలి, వారంలో ఎంత టైమ్ ఇవ్వగలరో తేల్చుకోవాలి. మిగతా రెండే మనలో చాలామందిని ఆపేవి.

వాటికైతే నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు ఒకేసారి కూర్చుని చదవండి. అప్పటికి మోషేకి దగ్గర దగ్గర 80 ఏళ్లు, మామ మందని మేపుకుంటున్నాడు. ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వెళ్లి ఇశ్రాయేలీయుల్ని బయటికి తీసుకురమ్మని దేవుడు పిలిస్తే, వెళ్లడానికి నేనెంతటివాణ్ణి అన్నాడు. దానికి దేవుడు "నీకు చాలా టాలెంట్ ఉంది మోషే" అనలేదు, నేను నీకు తోడుంటాను అన్నాడు అంతే, అంటే అడిగిన ప్రశ్న మోషే గురించి, వచ్చిన జవాబు దేవుడి గురించి. తర్వాత నీ పేరేంటని చెప్పాలి అన్నాడు, వాళ్లు నమ్మకపోతే అన్నాడు, నాకు మాట తిరగదు అన్నాడు, వీటన్నిటికీ దేవుడు ఓపిగ్గా సమాధానం ఇస్తూనే వచ్చాడు. కోపం వచ్చింది ఎక్కడంటే, చివర్లో ఇంకెవరినైనా పంపు అన్నప్పుడు. కాబట్టి డౌట్లు అడగడానికి మొహమాటపడొద్దు, అన్నిటికీ జవాబులొచ్చాక కూడా తప్పుకుందామని చూస్తున్నామా అనేదే చూసుకోవాలి. ఆ కోపంలో కూడా అన్న అహరోనుని తోడిచ్చాడు (నాకైతే ఆ భాగంలో బాగా నచ్చేది ఇదే). అందుకని ఒప్పుకునేటప్పుడే "చేస్తానండీ, కానీ మొదట్లో నాతో ఒకళ్లు ఉండాలి" అని అడిగెయ్యండి, అది విశ్వాసం తక్కువై అడగడం కాదు.

ఇది నిజంగా పిలుపేనా, నా ఊహా? చిన్నప్పుడు సమూయేలుకి కూడా మొదట తెలీలేదు, ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు ఆయన దగ్గరికి పరిగెత్తాడు, పిలుస్తున్నది యెహోవా అని గ్రహించింది ఏలీయే. మిమ్మల్ని బాగా ఎరిగిన, ముఖస్తుతి చెయ్యని పెద్దవాళ్లని ఒకరిద్దర్ని అడగండి, వాళ్లతో కలిసి ఉపవాసముండి ప్రార్థించండి. అంతియొకయ సంఘం బర్నబాని, సౌలుని (పౌలు అన్నా ఈయనే) సువార్త పనికి పంపినప్పుడు కూడా ఉపవాసముండి ప్రార్థన చేసి, చేతులుంచి పంపారు. ఎవరో వచ్చి "నువ్వు ఉద్యోగం మానెయ్యాలని దేవుడు నాకు చెప్పాడు" అంటే మాత్రం ఆ ఒక్క మాట మీద రిజైన్ చెయ్యకండి, పౌలంతటివాడే కొరింథులో డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పాడు.

ఇక మొదలుపెట్టడం. పెద్దది కాదు, ఈ వారంలో అయిపోయే పని ఒకటి తీసుకోండి. గిద్యోను శత్రువులైన మిద్యానీయులకి భయపడి గానుగచాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నవాడు, వాడికి దేవుడిచ్చిన మొదటి పని మిద్యానీయుల మీద యుద్ధం కాదు, వాళ్ల నాన్నకున్న బయలు అనే దేవత బలిపీఠాన్ని పడగొట్టడం, అదీ పగలు చెయ్యడానికి భయమేసి పదిమంది పనివాళ్లని తీసుకుని రాత్రిపూట చేశాడు. 300 మందితో యుద్ధం ఆ తర్వాత. భయం పోయాక చేద్దాం అనుకోలేదు, భయంతోనే చేశాడు. మీరూ అంతే, వాక్యం చెప్పాలంటే వణుకొస్తే ముందు మీటింగ్‌లో రెండు నిమిషాల సాక్ష్యం చెప్పండి, అది కూడా కాగితం మీద రాసుకుని ఇంట్లో గట్టిగా రెండుసార్లు చదివి వెళ్లండి, మీటింగ్‌లో చూసి చదివినా పర్లేదు. చేతకాని పనైతే బాగా చేసేవాళ్ల పక్కన కొన్ని వారాలు కూర్చుని నేర్చుకోండి, ఊరికే "నాకు వచ్చేలా చెయ్యి" అని ప్రార్థిస్తూ ఉంటే రాదు.

మొదటిసారి తడబడతారు, దాన్ని బట్టి పిలుపు లేదని తీర్పు చెప్పేసుకోవద్దు. రెండు మూడు నెలలు చేశాక అదే పెద్దవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి, దీనివల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా అని సూటిగా అడగండి. ఇది మీ పని కాదని తేలినా సిగ్గుపడక్కర్లేదు, ఇంకోటి చూసుకోవచ్చు, పౌలు బితూనియకి వెళ్దామనుకుంటే ఆత్మ వెళ్లనివ్వలేదు, అక్కణ్ణుంచి త్రోయ అనే ఊరికి వచ్చాడు, మాసిదోనియకి రమ్మని దర్శనం వచ్చింది ఆ త్రోయలోనే.